పీస్పైస్ మోడల్ ఫైలు ఎల్‌టీస్పైస్‌లో, కీక్యాడ్‌లో నడుస్తుందా?

పీస్పైస్, ఎల్‌టీస్పైస్, ఎన్‌జీస్పైస్ మూడూ సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో కంప్యూటర్లో లెక్కకట్టి చూపే సిమ్యులేటర్లు, కీక్యాడ్ సర్క్యూట్ గీసే సాఫ్ట్‌వేర్. చిప్ కంపెనీవాళ్ళు పీస్పైస్ కోసమని ఇచ్చిన డాట్ లిబ్ ఫైలు, అంటే ఆ భాగం ఎలా నడుస్తుందో రాసిన మోడల్ ఫైలు, ఎల్‌టీస్పైస్‌లోనూ, కీక్యాడ్‌లో ఉండే ఎన్‌జీస్పైస్‌లోనూ వాడొచ్చా అని అడిగారు. ఫైల్లో ఏముందో చూస్తే గానీ చెప్పలేం, ముందు నోట్‌ప్యాడ్‌లో తెరవండి. డాలర్ గుర్తు పక్కన సీడీఎన్ఈఎన్‌సీస్టార్ట్ అని, దాని కింద అర్థం కాని అక్షరాల చెత్త ఉంటే అది తాళం వేసిన మోడల్. పీస్పైస్ మాత్రమే దాన్ని చదవగలదు, ఈ రెండూ చదవలేవు, వేరే మోడల్ వెతుక్కోండి.

మామూలు డయోడ్, ట్రాన్సిస్టర్ మోడల్ లైన్లు వీటన్నిటికీ మూలమైన బర్క్‌లీ స్పైస్ నుంచి వచ్చినవే కాబట్టి దాదాపు ఎక్కడైనా నడుస్తాయి. మాస్‌ఫెట్ దగ్గర లెవెల్ నంబర్, అంటే ఏ రకం మోడలో చెప్పే అంకె, చూడాలి: ఒకే బీసిమ్3 మోడల్ హెచ్‌స్పైస్ అనే మరో సిమ్యులేటర్‌లో 49, పీస్పైస్‌లో 7, ఎల్‌టీస్పైస్‌లో 8. వీడీమాస్ (పవర్ మాస్‌ఫెట్ మోడల్) అని ఉంటే అది ఎల్‌టీస్పైస్ సొంత సరుకు. కొత్త ఎన్‌జీస్పైస్ దాన్ని తీసుకుంటుంది, పీస్పైస్ తీసుకోదు.

అసలు తలనొప్పి సబ్‌సర్క్యూట్లలో (చాలా భాగాలు కలిపి ఒకే మోడల్‌గా కట్టినవి), ముఖ్యంగా స్విచ్‌లలో. పీస్పైస్‌లో వోల్టేజితో నడిచే స్విచ్ మోడల్ వీస్విచ్‌కి వీఆన్, వీఆఫ్ (పూర్తిగా ఆన్, ఆఫ్ అయ్యే వోల్టేజిలు) ఇస్తారు. ఎల్‌టీస్పైస్ ఎస్‌డబ్ల్యూ మోడల్‌కి వీటీ (మధ్య వోల్టేజి), వీహెచ్ (దానికి అటూ ఇటూ ఉండే తేడా) కావాలి. వీఆన్ 3, వీఆఫ్ 1 అనుకోండి. వీటీ ఆ రెంటి సగటు, 2. వీహెచ్ తేడాలో సగం, 1. కానీ దాన్ని మైనస్ 1 అని రాయాలి. ప్లస్ రాస్తే ఎక్కేటప్పుడు 3 దగ్గర ఆన్, దిగేటప్పుడు 1 దగ్గర ఆఫ్ అవుతుంది, అంటే అసలు మోడల్‌లో లేని హిస్టెరిసిస్ (ఆన్, ఆఫ్ వేర్వేరు వోల్టేజిల దగ్గర జరగడం) వచ్చి చేరుతుంది. మైనస్ పెడితే 1 నుంచి 3 దాకా రెసిస్టెన్స్ మెల్లగా మారుతుంది, పీస్పైస్‌లాగే. వీఆన్ కంటే వీఆఫ్ పెద్దదైతే ఆర్ఆన్, ఆర్ఆఫ్ (ఆన్, ఆఫ్ రెసిస్టెన్సులు) విలువలు తారుమారు చేయండి. ప్లస్ రాసినా ఎర్రరేమీ రాదు, రెగ్యులేటర్ ఎనేబుల్ పిన్ మాత్రం తప్పు వోల్టేజి దగ్గర పనిచేస్తుంది. ఎర్రరిచ్చి ఆగిపోయే మోడల్ నయం, నోరు మెదపకుండా తప్పు జవాబిచ్చేదే కొంప ముంచుతుంది.

ఎన్‌జీస్పైస్‌లో ఇదంతా చేత్తో మార్చకండి. కీక్యాడ్ సిమ్యులేషన్ సెటింగుల్లో కంపాటిబిలిటీ మోడ్ ఉంటుంది, అక్కడ పీస్పైస్ ఎంచుకుంటే వీస్విచ్‌ని అదే మార్చుకుంటుంది. విడిగా ఎన్‌జీస్పైస్ వాడేవాళ్ళు స్పైస్‌ఇనిట్ ఫైల్లో ఎన్‌జీబిహేవియర్‌ని పీఎస్ఏ అని పెట్టాలి.

ఎల్‌టీస్పైస్ నుంచి బయటికి తీసుకెళ్ళేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. 22 మైక్రోఫారడ్ కెపాసిటర్ లైన్లోనే ఆర్‌సెర్ (కెపాసిటర్ లోపలి సిరీస్ రెసిస్టెన్స్) 5 మిల్లీఓమ్ అని రాసేస్తాం, అది అక్కడి అలవాటు. వేరేచోట నడవాలంటే విడిగా రెసిస్టర్ పెట్టండి, లేకపోతే బక్ కన్వర్టర్ లూప్ స్థిరత్వం లెక్కే మారిపోతుంది. ఇండక్టర్‌కి ఏమీ రాయకపోయినా ఎల్‌టీస్పైస్ తనంతట తనే 1 మిల్లీఓమ్ కలుపుతుంది. ఎల్‌టీస్పైస్‌లో ఇంగ్లీషు 'A' అక్షరంతో పేరు మొదలయ్యే భాగాలు ఎన్‌జీస్పైస్‌లో పూర్తిగా వేరు, వాటిని తిరగరాయాల్సిందే.

ఇక పిన్నులు. ఆప్‌ఆంప్ సబ్‌సర్క్యూట్‌లో చాలాసార్లు వరుస ఇలా ఉంటుంది: ప్లస్ ఇన్‌పుట్, మైనస్ ఇన్‌పుట్, ప్లస్ సప్లై, మైనస్ సప్లై, అవుట్‌పుట్. ఎల్ఎం358 చిప్‌లో 1వ పిన్ అవుట్‌పుట్, 3వది ప్లస్ ఇన్‌పుట్, సప్లై 8కి. కీక్యాడ్‌లో పిన్ అసైన్‌మెంట్ సరిచూడకపోతే అవుట్‌పుట్ తీగ పోయి ఇన్‌పుట్‌లో కూర్చుంటుంది.

అందుకే పెద్ద సర్క్యూట్‌లో పెట్టేముందు ఒక్క బఫర్ (అవుట్‌పుట్‌ని మైనస్ ఇన్‌పుట్‌కి కలిపిన ఆప్‌ఆంప్) కట్టండి. సప్లై ప్లస్ మైనస్ 12, ఇన్‌పుట్ 1 వోల్టు, ఆపరేటింగ్ పాయింట్ (నిలకడ డీసీ వోల్టేజిలు, కరెంట్ల లెక్క) నడపండి. అవుట్‌పుట్ 1 వోల్టు దగ్గర ఉండాలి, సప్లై కరెంటు డేటాషీట్ అంకెకి దగ్గరగా రావాలి. అవుట్‌పుట్ 12 వైపు అతుక్కుపోతే ముందు పిన్నులు చూడండి, మోడల్‌ని అనుమానించడం ఆ తర్వాత.