ఫార్మాట్ చేయించినా రెండు రోజులకే ల్యాప్‌టాప్ మళ్ళీ స్లో అయింది, ర్యామ్ పెంచాలా?

8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, విండోస్ 11. క్రోమ్‌లో పేజీలు నత్తనడక, ఫైల్ మీద రైట్ క్లిక్ చేస్తే మెనూ రావడానికి నాలుగైదు సెకన్లు. ఫార్మాట్ చేయించినా లాభం లేదు, షాపులో ర్యామ్ వేయించమన్నారు. మీరు చెప్పింది ఇదే కదా.

ర్యామ్‌కి ఇప్పుడే డబ్బు పెట్టకండి. ఫార్మాట్ తర్వాత విండోస్ కొత్తదవుతుంది కానీ, క్రోమ్‌లో మళ్ళీ గూగుల్ ఖాతాతో లాగిన్ అయి సింక్ ఆన్ చేయగానే పాత ఎక్స్‌టెన్షన్లన్నీ, అంటే క్రోమ్‌కి మీరు అదనంగా తగిలించుకున్న చిన్న ప్రోగ్రామ్‌లన్నీ, తిరిగి దిగిపోతాయి. షాపువాళ్ళు ఈ సంగతి చెప్పరు.

ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కి ఇన్‌కాగ్నిటో విండో తెరవండి. మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు అక్కడ నడవవు. మామూలు విండోలో ఈడ్చే సైటే ఇక్కడ చకచకా వస్తే దొంగ ఎక్స్‌టెన్షన్లలోనే ఉన్నాడు.

ఎవరో పట్టుకోవడానికి చాలామంది షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి క్రోమ్ సొంత టాస్క్ మేనేజర్ చూస్తారు. మంచిదే, ఖాళీగా ఉన్నప్పుడు కూడా సీపీయూ తింటున్న ఎక్స్‌టెన్షన్ అందులో బయటపడుతుంది. కానీ దాన్నొక్కదాన్నే నమ్మకండి. ఎక్స్‌టెన్షన్ ప్రతి పేజీలోకీ చొప్పించే స్క్రిప్టు ఆ ట్యాబ్ ప్రాసెస్‌లోనే నడుస్తుంది, దాని ఖర్చు ట్యాబ్ ఖాతాలోనే పడుతుంది. జాబితాలో ఎక్స్‌టెన్షన్ పేరు ఎదురుగా చిన్న అంకె కనిపిస్తుంది, నింద మాత్రం వెబ్‌సైట్ మీద పడుతుంది.

అందుకే ఆపి చూడటమే అసలు పరీక్ష. మూడు చుక్కల మెనూలో ఎక్స్‌టెన్షన్స్, మేనేజ్ ఎక్స్‌టెన్షన్స్‌కి వెళ్ళి సగం ఆఫ్ చేయండి. వేగం వస్తే ఆపినవాటిలో, రాకపోతే మిగిలినవాటిలో వెతకండి. 16 ఉన్నా నాలుగు విడతల్లో ఒకదానికి చేరతారు. ఒక్కటే కారణమైతేనే ఇంత సూటిగా తేలుతుంది. రెండు మూడు యాడ్ బ్లాకర్లు కలిసి ఉంటే ముందు ఒకటి ఉంచి మిగతావి తీసేయండి, ఎందుకంటే పేజీ పంపే ప్రతి రిక్వెస్టునూ అన్నీ విడివిడిగా పరిశీలిస్తాయి. కూపన్లు వెతికేవి, పీడీఎఫ్ మార్చేవి, వీడియో డౌన్‌లోడర్లు నా లెక్కలో రెండో అనుమానితులు. సింక్ ఆన్‌లో ఉండగానే తీసేస్తే ఖాతాలోంచి కూడా పోతాయి. ఉంచుకోవాల్సినవాటికి డీటెయిల్స్‌లో సైట్ యాక్సెస్‌ను 'ఆన్ క్లిక్'కి మార్చండి, అడిగినప్పుడే పనిచేస్తాయి.

తెలుగు టైపింగ్ కోసం ఎక్స్‌టెన్షన్ పెట్టుకున్నారా? అది అక్కర్లేదు. 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో తెలుగు చేర్చి, లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో ఆ కీబోర్డు ఎంచుకోండి. విండోస్ కీ, స్పేస్‌బార్‌తో మారుతుంది.

ఏదైనా ఎక్స్‌టెన్షన్‌కి రిమూవ్ బటన్ పనిచేయకుండా, మెనూ అడుగున 'మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్' అని కనిపిస్తే ఆగండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే అది సహజం. ఇంటి ల్యాప్‌టాప్‌లో అయితే ఏదో ప్రోగ్రామ్ రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగ్‌లు దాచుకునే చోట) పాలసీ రాసి బలవంతంగా ఎక్కించిందన్నమాట. కొన్ని యాంటీవైరస్‌లూ అలా రాస్తాయి కాబట్టి కంగారుపడి రిజిస్ట్రీ చెరపకండి. ముందు ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో మీరు ఎక్కించని ప్రోగ్రామ్‌లు తీసేసి, విండోస్ సెక్యూరిటీతో ఫుల్ స్కాన్ చేయండి.

రైట్ క్లిక్ ఆలస్యం వేరే జబ్బు. జిప్ సాఫ్ట్‌వేర్లు, క్లౌడ్ డ్రైవ్‌లు, యాంటీవైరస్, గ్రాఫిక్స్ ప్యానెల్... ప్రతిదీ ఆ మెనూలో ఒక లైను చేర్చుకుంటుంది. వాటిలో ఒకటి నెట్‌వర్క్ జవాబు కోసం ఆగినా మెనూ మొత్తం ఆగుతుంది. నిర్‌సాఫ్ట్ వాళ్ళ షెల్‌ఎక్స్‌వ్యూ అనే ఉచిత టూల్ తెరిస్తే మైక్రోసాఫ్ట్‌వి కానివి గులాబీ రంగులో కనిపిస్తాయి. వాటిలో కాంటెక్స్ట్ మెనూ (రైట్ క్లిక్ మెనూ) రకానివి ఎంచుకుని ఎఫ్7 నొక్కితే ఆగిపోతాయి, ఎఫ్8తో తిరిగి వస్తాయి. మార్చిన ప్రతిసారీ టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ని రీస్టార్ట్ చేసి చూడండి.

ల్యాప్‌టాప్‌తో ట్రయల్ యాంటీవైరస్ వచ్చి ఉంటే, దాని మీద మీరు ఇంకోటి వేసి ఉంటే, ఒకటి వదిలించుకోండి. గేటు దగ్గర ఇద్దరు వాచ్‌మన్లు ఒకే సంచీని చెరోసారి వెతికినట్టు, తెరిచిన ప్రతి ఫైల్‌నీ రెండూ స్కాన్ చేస్తాయి. అన్‌ఇన్‌స్టాల్ చేసినా డ్రైవర్లు మిగిలిపోవచ్చు కాబట్టి ఆ కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్ వాడండి. ర్యామ్ బూస్టర్లు, రిజిస్ట్రీ క్లీనర్ల జోలికి మాత్రం పోకండి, అవీ నెత్తిన కూర్చునే బాపతే.

అప్పటికీ తేలకపోతే క్లీన్ బూట్, అంటే బయటి సర్వీసులు, స్టార్టప్ యాప్స్ ఆపేసి విండోస్ నడిపి చూడటం. సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో సర్వీసెస్ ట్యాబ్ తెరిచి, ముందు 'హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్' టిక్ పెట్టి, ఆ తర్వాతే డిసేబుల్ ఆల్ నొక్కండి. టిక్ మరిచిపోతే వైఫై కూడా పోవచ్చు. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ కూడా ఆపి రీస్టార్ట్ చేసి, సగం సగం పద్ధతిలోనే వెనక్కి తీసుకురండి.

ఇవన్నీ అయ్యాక, రోజూ చేసే పనే చేస్తుండగా టాస్క్ మేనేజర్‌లో మెమరీ 85, 90 శాతం దగ్గరే తిరుగుతుంటే అప్పుడు ర్యామ్ మాట. అదే పేజీలో ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే ఉన్న ర్యామ్ బోర్డుకే అతికించి ఉందని అర్థం. అదనంగా ఖాళీ స్లాట్ ఉందో లేదో మోడల్ నంబర్‌తో చూసుకున్నాకే షాపుకి వెళ్ళండి.