తొమ్మిదో తరగతిలోనే ఇంటర్ కెమిస్ట్రీ: ఉంచాలా, మాన్పించాలా?

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. స్కూల్లో ఒలింపియాడ్ బ్యాచ్‌లో ఉంది. ఇంటర్ కెమిస్ట్రీ ఇప్పుడే చెబుతున్నారు. మోల్ కాన్సెప్ట్ అయిపోయింది, ఆర్గానిక్ మొదలైంది. వీక్లీ టెస్టుల్లో నూటికి 40 దాటడం లేదు, ఆదివారం సాయంత్రం అయితే ఏడుస్తోంది. బ్యాచ్‌లోనే ఉంచాలా, మామూలు సెక్షన్‌కి మార్చి ఇంటర్‌లో చూసుకోవాలా? రెండూ పోల్చి చెప్పండి.
– ఒక తల్లి, నిజాంపేట, హైదరాబాద్ (పెద్ద ఉత్తరానికి సారాంశం)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో ర్యాంకు అనే మాట నాలుగుసార్లు ఉంది. పక్క ఫ్లాట్ అబ్బాయి రెండుసార్లు వచ్చి వెళ్లాడు. పాపకి కెమిస్ట్రీ ఇష్టమో కాదో మాత్రం ఎక్కడా లేదు.

ఈ ప్రశ్న నాకు జూన్‌లో ఒక రకంగా, దసరా సెలవుల తర్వాత ఇంకో రకంగా వస్తూనే ఉంటుంది. అడిగేది సెక్షన్ గురించే కానీ, లోపలి భయం వేరు. ఇప్పుడు దిగితే మళ్లీ ఎక్కలేదేమోనని. ఎక్కగలదు. జేఈఈలో వచ్చే కెమిస్ట్రీ అంతా పదకొండు, పన్నెండు తరగతులదే. ఇంటర్ ఫస్టియర్‌లో పరమాణు నిర్మాణం, మోల్ కాన్సెప్ట్ మళ్లీ మొదటి నుంచే చెబుతారు. ముందే చదివినవాళ్లకి మొదటి రెండు మూడు నెలలు తేలిగ్గా ఉంటుంది, కాదనను. ఆ తేలిక కోసం రెండేళ్ల ఆదివారాలు ఇచ్చుకోవాలా అన్నదే నా అనుమానం.

ఈ మధ్య మీ పాప ఈడు పిల్లాణ్ని ఒకణ్ని తీసుకొచ్చారు. లీటరు నీళ్లలో ఎన్ని మోల్స్ రా అంటే, రెప్ప వేయకుండా 55.5 అన్నాడు. టేబుల్ మీదున్న గ్లాసు చూపించి, ఇందులో 180 మిల్లీలీటర్లున్నాయి, ఇప్పుడు చెప్పు అన్నాను. గ్లాసు వైపు చాలాసేపు చూసి, ‘ఇది మా మెటీరియల్‌లో లేదు సార్’ అన్నాడు. పది మోల్స్. మోల్ అంటే లెక్కకు వాడే ఒక కొలత, నీళ్లకైతే 18 గ్రాములు. మిల్లీలీటరు నీళ్లు గ్రాము బరువు కాబట్టి 180ని 18తో భాగించడమే. వాడు మొద్దబ్బాయేం కాదు, చురుకైనవాడే. కాకపోతే వాడి బుర్రలో 55.5 ఒక బిట్టు, అది నీళ్ల సంగతని ఎవరూ చెప్పలేదు.

ఇలా ఇంటర్ పాఠాలు ముందే చెప్పే ఫౌండేషన్ కోర్సులు మంచివే అని ఒకప్పుడు నేనూ అనేవాణ్ని. టైం ఎక్కువ దొరికితే నిదానంగా, లోతుగా చెబుతారు కదా అనుకున్నాను. దొరికిన టైంని టెస్టులతో నింపుతారని అప్పుడు తోచలేదు. నా మాట విని చేర్పించిన ఒక కుటుంబం ఇంటర్ సెకండియర్‌లో పిల్లాణ్ని వెంటబెట్టుకొచ్చింది. ఒకే చాప్టర్ మూడోసారి చదువుతున్నానని, కెమిస్ట్రీ పుస్తకం చూస్తేనే కడుపులో తిప్పుతోందని వాడు చెబుతుంటే నేను తల దించుకున్నాను. అలాగని అందరికీ చెడ్డదేం కాదు. పీరియాడిక్ టేబుల్‌ని క్రికెట్ స్కోరులా చెప్పుకునే పిల్లలూ ఉంటారు, వాళ్లను ఆపితేనే తప్పు. మీ పాప ఆ బాపతో కాదో నాకు ఇక్కణ్నుంచి తెలియదు. మీకు తెలియాలి.

ఆ బ్యాచ్ పేరు సంగతి కూడా చెప్పాలి. పదో తరగతి లోపు పిల్లలకి అసలు ఒలింపియాడ్ దారి జూనియర్ సైన్స్. దాని మొదటి మెట్టు ఎన్‌ఎస్‌ఈజేఎస్ అనే జాతీయ స్థాయి పరీక్ష. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కలిసి ఉంటాయి. ప్రశ్నలు మెలికగా ఉన్నా పాఠాలు దాదాపు పదో తరగతి వరకువే. తర్వాత కెమిస్ట్రీ ఒలింపియాడ్‌కే వెళ్లినా, అంతర్జాతీయ పోటీలో 100 మార్కులకి 40 ల్యాబ్‌లో చేసే ప్రయోగాలకే. కాబట్టి స్కూలుకెళ్లి ఒకటే అడగండి: ఈ ఏడాది మా పాప బ్యూరెట్ (ల్యాబ్‌లో ద్రవాన్ని చుక్కచుక్కగా కొలిచి వదిలే గాజు గొట్టం) చేత్తో పట్టుకుందా? ఫీజు రసీదు చేతిలో పెట్టుకునే అడగండి.

పోల్చి చెప్పమన్నారు కదా. ల్యాబ్ ఉండి, పిల్ల హుషారుగా వెళ్తుంటే బ్యాచ్. ల్యాబ్ లేదు, ఏడుస్తోంది అంటే మామూలు సెక్షన్, మాథ్స్ గట్టిగా. అంతే. కట్టిన ఫీజు వెనక్కి రాదని ఆలోచిస్తున్నారేమో. అది ఎలాగూ పోయింది. దానికి తోడు పాప నిద్ర కూడా పోవాలా? ఏడుస్తోందని మీరే రాశారు, ఆ పక్క వాక్యంలోనే ర్యాంకు ఎంతొస్తుందని అడిగారు. కోపం తెచ్చుకోకండి, నాకూ పిల్లలున్నారు.

సెక్షన్ మారితే కెమిస్ట్రీ తలుపు మూసుకుపోదు. మనం ఉన్నది హైదరాబాద్‌లో. తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, బాలానగర్‌లో ఫార్మసీ చదువుల సంస్థ నైపర్, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. ఒకప్పుడు ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో పెట్టిన కంపెనీయే డాక్టర్ రెడ్డీస్. ఇంటర్ తర్వాత కెమిస్ట్రీయే కావాలంటే సైన్స్ డిగ్రీలు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఐసర్‌లు ఉన్నాయి, వాటికి ఐఏటీ అని వేరే ప్రవేశ పరీక్ష. అందులో కెమిస్ట్రీతో పాటు ఫిజిక్స్, మాథ్స్, బయాలజీకీ సమాన వాటా. తొమ్మిదిలో ఏ సెక్షన్ అని అక్కడ ఎవరూ అడగరు.

మార్పు కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక పని చేయండి. ఈ ఆదివారం ఒక పళ్లెంలో పసుపు నీళ్లు పోసి, తాంబూలంలోకి తెచ్చుకున్న సున్నం చిటికెడు కలపండి. పారాణిలా ఎర్రబడుతుంది. అందులో నిమ్మకాయ పిండితే మళ్లీ పచ్చబడుతుంది. పాపని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఇంకాస్త సున్నం వేసి చూద్దాం అంటుందా, ఇది టెస్టులో వస్తుందా అంటుందా? ఏమందో నాకు రాయండి. ఆ రోజు పక్క ఫ్లాట్ అబ్బాయిని మాత్రం పిలవకండి.