యువ రచయితకు లేఖ: ఓడిన ఎన్నికనూ రాయి

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

పూసపాటి అశోక్ గజపతిరాజు గారి శాసనసభా జీవితంపై నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. భాష బాగుంది, శ్రమ కనిపిస్తోంది. అయితే గెలిచిన ఎన్నికలకు పుటలకు పుటలు ఇచ్చి, ఓడిన 2004ను ఒక్క వాక్యంతో దాటేశావు. నా అభ్యంతరమంతా అక్కడే.

ముందుగా ఒక సవరణ. ఆయన తెలుగుదేశం తరఫున ఏడుసార్లు గెలిచారని రాశావు. 1978లో రాష్ట్రమంతటా ఇందిరా కాంగ్రెస్ గాలి వీస్తున్నా, ఆయన తొలిసారి గెలిచింది జనతా పార్టీ అభ్యర్థిగా. తెలుగుదేశం పుట్టింది 1982లో. ఆ పార్టీ తరఫున 1983 నుంచి 1999 వరకు వరుసగా అయిదుసార్లు, మళ్లీ 2009లో ఒకసారి గెలిచారు. పార్టీ పుట్టకముందే ఆయనకు ఇక్కడ ఎంత పట్టు ఉండేదో చెప్పేది ఆ 1978 ఫలితమే కనుక దాన్ని లెక్కలో కలిపేయకు.

ఇక 2004. పాతికేళ్లకు పైగా ఈ విజయనగరం స్థానంలో ఓటమి ఎరుగని నాయకుణ్ణి ఓడించింది స్వతంత్ర అభ్యర్థిగా నిలిచిన కోలగట్ల వీరభద్రస్వామి గారు. నీ వ్యాసంలో ఆ పేరే లేదు. ఆయన 2009లో అశోక్ గారి చేతిలో, 2014లో మీసాల గీత గారి చేతిలో ఓడి, 2019లో అశోక్ గారి కుమార్తె అదితి గారిపై గెలిచి, 2024లో ఆమె చేతిలోనే ఓడారు. ఇరవై ఏళ్ల పట్టణ రాజకీయం ఈ పోటీ వెంటే నడిచింది. ఒక చేత్తో చప్పట్లు మోగవు నాయనా, ప్రత్యర్థిని వదిలేసిన శాసనసభ్యుడి చరిత్రా అంతే.

ఎందుకు ఓడారన్నది ఊహించి రాయవద్దు. జిల్లా ఎన్నికల విభాగంలో 2004 నాటి ఫారం 20, అంటే అధికారిక తుది ఫలితాల పట్టిక కోసం అడిగి చూడు. అందులో ఒక్కో పోలింగ్ కేంద్రానికి ఒక్కో వరుస, అభ్యర్థికొక నిలువు గడి, చివర పోస్టల్ ఓట్లు ఉంటాయి. దాన్ని ముందు పెట్టుకుని, ఏ వీధిలో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో గుర్తించి, ఆ బూత్‌లలో ఏజెంట్లుగా కూర్చున్న ఇరుపక్షాల వాళ్లనూ కలుసుకో. ఒక పక్షం మాటే వింటే అభినందన వ్యాసం అవుతుంది గానీ చరిత్ర కాదు.

మెజారిటీలను పోల్చేటప్పుడు నియోజకవర్గాల సరిహద్దులు మార్చిన పునర్విభజనను మరవకు. భోగాపురం, సతివాడ, సోంపేట నియోజకవర్గాలు 2009 నాటికి పటంలోనే లేవు. నెల్లిమర్ల, పలాస కొత్తగా వచ్చాయి.

తరువాత సోంపేట శాసనసభ్యుడిగా పనిచేసిన గౌతు లచ్చన్న గారి మీద రాస్తానన్నావు, సంతోషం. 1957 ఫలితాల కోసం మాత్రం వెతకకు. ఆ ఏడాది శాసనసభ ఎన్నికలు తెలంగాణలోనే జరిగాయి, మన ప్రాంతంలో 1955 తరువాత 1962లోనే.

ఆలోగా 2004 భాగాన్ని తిరగరాసి, అదొక్కటే ముందు పంపు.

నీ శ్రేయోభిలాషి