ఒకే కీవర్డ్‌ను (జనం వెతికేటప్పుడు టైప్ చేసే మాటను) పదే పదే రాస్తే గూగుల్‌లో పేజీ పైకి వస్తుందా?

రాదు, పైగా మితిమీరితే గూగుల్ దాన్ని స్పామ్ కింద లెక్కగట్టి పేజీని కిందికి నెట్టేయవచ్చు, ఒక్కోసారి ఫలితాల్లోంచే తీసేయవచ్చు.

పేజీ దేని గురించో తెలియడానికి ఆ మాట టైటిల్‌లో, హెడింగ్‌లో, మొదటి పేరాలో సహజంగా కనిపిస్తే చాలు. 1990ల్లో సెర్చ్ ఇంజిన్లు ఎక్కువగా మాటల లెక్క మీదే ఆధారపడేవి, అందుకే అప్పట్లో ఈ కిటుకు పనిచేసింది. ఇప్పుడు వాక్యం అర్థం, దగ్గరి పదాలు, వేరే సైట్ల నుంచి వచ్చే లింకులు కూడా చూస్తాయి.

గోంగూర పచ్చడి పేజీనే తీసుకోండి. "గోంగూర పచ్చడి కావాలా? మా గోంగూర పచ్చడి అసలైన గోంగూర పచ్చడి" అని మొదలుపెడితే చదివేవాళ్లు రెండో లైన్‌కే వెనక్కి పోతారు. కట్ట గోంగూరకు ఎన్ని ఎండుమిర్చి, ఆకు ఎంతసేపు మగ్గాలి, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది అని చిన్న హెడింగులు పెట్టి జవాబిస్తే, జనం నిజంగా టైప్ చేసే మాటలు వాటంతటవే వచ్చేస్తాయి. తెలంగాణలో పుంటికూర అని వెతికేవాళ్లూ ఉంటారు, ఆ మాట ఒకచోట వేయండి.

చాలామంది "కీవర్డ్ ఇంత శాతం ఉండాలి" అనుకుంటారు. అలాంటి కొలత ఏదీ లేదు. పేజీ కోడ్‌లో చదివేవాళ్లకు కనబడకుండా కీవర్డ్‌లు రాసే మెటా కీవర్డ్స్ ట్యాగ్‌ను ర్యాంకింగ్‌కు వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది, అయినా ఇంకా నింపుతూనే ఉన్నారు! ఎస్‌ఈఓ (సెర్చ్‌లో పేజీని పైకి తెచ్చే పని) కోసం సైట్‌కు తగిలించే ప్లగిన్‌లో రీడబిలిటీకి, అంటే చదవడానికి ఎంత సులువో చెప్పడానికి వెలిగే పచ్చ లైటు కూడా ఆ ప్లగిన్ ఇచ్చే మార్కే, గూగుల్‌ది కాదు.