నాన్న ప్రమాణం చేసిన రోజు ఏది?

ప్రశ్న: మాది ఏలూరు. మా నాన్న 1980ల చివర్లో ఇటలీ వెళ్లి బ్రెషా దగ్గర ఒక డెయిరీలో పనిచేశారు. 2001లో వచ్చి అమ్మను చర్చిలో పెళ్లి చేసుకుని మళ్లీ వెళ్లిపోయారు. నేను 2003 జులై 11న ఏలూరులోనే పుట్టాను. ఆ ఏడాదే ఆయనకు ఇటలీ పౌరసత్వం వచ్చింది. మమ్మల్ని ఎప్పుడూ తీసుకెళ్లలేదు, డబ్బు కూడా సరిగ్గా పంపలేదు. అమ్మ జాకెట్లు కుట్టి నన్ను బీటెక్ చదివించింది. నాన్న ఇప్పుడు ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నారు. బ్రిటిష్ పౌరసత్వం కూడా తీసుకుంటానంటున్నారు. నాకు మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది, అక్టోబరులో చేరాలి. వెళ్లేలోపు నాన్న ద్వారా ఇటలీ పౌరసత్వం తీసుకుని, ఇండియా పౌరసత్వం కూడా ఉంచుకోవచ్చా? పెంచని తండ్రి నుంచి ఇదైనా దక్కడం న్యాయం కాదా? తేదీలు అడ్డొస్తే బర్త్ సర్టిఫికెట్ ‘సరిచేయిస్తా’నని ఒక ఏజెంటు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడున్నర పేజీలు మీ నాన్నగారు చేయనివాటి గురించే ఉన్నాయి. వాటితో ఈ కేసుకు పని లేదు. తండ్రి బిడ్డను పెంచాడా, డబ్బు పంపాడా అని ఇటలీ పౌరసత్వ చట్టం ఎక్కడా అడగదు. ‘ఆ ఏడాదే పౌరసత్వం వచ్చింది’ అని మీరు ఒక్క ముక్కలో తేల్చేసిన చోటే మీ కేసంతా ఉంది. ఆ ఏడాదిలో ఏ రోజున?

మీరు పంపిన ఫోటోలో ఉన్నది 2003 మార్చి 14 నాటి డిక్రీ, అంటే పౌరసత్వం ఇస్తున్నట్టు ఇటలీ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు. మీరు పుట్టడానికి నాలుగు నెలల ముందుది కాబట్టి ఇక అడ్డేమీ లేదనుకున్నారు. కానీ డిక్రీతోనే ఎవరూ ఇటలీ పౌరులైపోరు. అక్కడి 1992 నాటి 91వ నంబరు చట్టం ప్రకారం, డిక్రీ చేతికందిన ఆరు నెలల్లోపు కమూనేకి, అంటే వాళ్ల మునిసిపాలిటీకి వెళ్లి ప్రమాణం చేయాలి. చేయకపోతే డిక్రీకి విలువ లేదు. చేస్తే, మర్నాటి నుంచి పౌరుడు. మార్చిలో సంతకమైన డిక్రీ మీ నాన్నగారికి ఎప్పుడు అందిందో, ఆయన కమూనేకి ఎప్పుడు వెళ్లారో ఆ ఫోటోలో లేదు.

జులై 11 నాటికే ఆయన పౌరుడైతే, మీరు ఇటాలియన్ తండ్రికి పుట్టిన బిడ్డ. తర్వాత అయితే కథ వేరు. తల్లికో తండ్రికో కొత్తగా పౌరసత్వం వచ్చినప్పుడు మైనరు బిడ్డకు కూడా వర్తించాలంటే, ఆ రోజుకు బిడ్డ వాళ్లతో కలిసి ఉంటూ ఉండాలి. అది 14వ ఆర్టికల్. మీరు అప్పుడు ఏలూరులో ఉయ్యాల్లో ఉన్నారు. ఆ దారి మీకు లేదు.

ప్రమాణం గురించి ఫోన్లో అడిగితే ‘ఎండాకాలంలో చేశా’ అన్నారట, మీరు ఏప్రిల్, మే అని రాసుకున్నారు. బాబూ, ముప్పై ఏళ్లకు పైగా యూరప్‌లో ఉన్న మనిషి ఎండాకాలం అంటే జూన్, జులై, ఆగస్టు! మన రోహిణి కార్తెతో ఆయన లెక్క కలవదు. ఇంత పెద్ద విషయాన్ని ఫోన్లో విన్న ఒక్క మాట మీద వదిలేసి, ఉద్యోగంలో చేరడానికి నెలలే ఉండగా నాకు రాయడం ఏం పద్ధతి? ‘నీ బారసాల కంటే ముందే ప్రమాణం అయింది, నాకు గుర్తుంది’ అని అమ్మగారు అంటున్నారని కూడా రాశారు. ఆవిడ మాట మీద నాకు అనుమానం లేదు. కానీ 2025లో వచ్చిన మార్పు తర్వాత, ఇటలీ కోర్టుల్లో పౌరసత్వ దావాలకు సాక్షుల మాట సాధారణంగా పనికిరాదు. కాగితమే కావాలి, నిరూపించుకునే భారం కూడా అడిగినవాళ్లదే. కమూనే రిజిస్టరులో ప్రమాణం నమోదై ఉంటుంది. మీ నాన్నగారు ఒక మెయిల్ పెట్టి ఆ నకలు అడగాలి. ఆయన మీద కోపం మీకు ఎంతున్నా, ఈ మెయిల్ కోసం ఆయనతో మర్యాదగా మాట్లాడక తప్పదు.

తేదీ మీవైపు వచ్చిందనుకుందాం. 2025 మార్చి 28న ఇటలీ ప్రభుత్వం ఒక డిక్రీ-చట్టం, అంటే మన ఆర్డినెన్స్ లాంటిది, తెచ్చింది. మే నెలలో అది 74వ నంబరు చట్టమైంది. దాని ప్రకారం, విదేశంలో పుట్టి వేరే పౌరసత్వం ఉన్నవాళ్లు అసలు ఇటలీ పౌరులు కానట్టే, కొన్ని మినహాయింపులు తప్ప. ఈ చట్టం రాకముందు పుట్టినవాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. 2025 మార్చి 27 అర్ధరాత్రిలోపు అప్లై చేసినవాళ్లు పాత నియమాల్లోనే ఉంటారు, మీరు చేయలేదు. పౌరుడయ్యాక, బిడ్డ పుట్టేలోపు, తండ్రి వరుసగా రెండేళ్లు ఇటలీలో ఉండాలనేది ఇంకో మినహాయింపు. మీ విషయంలో ఆ వ్యవధే లేదు. మిగిలింది ఒక్కటి. తల్లిదండ్రుల్లో ఒకరికి గానీ, తాత అవ్వల్లో ఒకరికి గానీ కేవలం ఇటలీ పౌరసత్వమే ఉండాలి, ఇంకేదీ ఉండకూడదు.

తమాషా ఏమిటంటే, ఇక్కడ మన చట్టం మీకు సాయం చేస్తుంది. మన 1955 పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం, తన ఇష్టంతో వేరే దేశ పౌరసత్వం తీసుకున్నవాడి భారత పౌరసత్వం ఆ క్షణమే పోతుంది. కాబట్టి ఇటలీ పౌరుడైన రోజు నుంచి మీ నాన్నగారికి అదొక్కటే పౌరసత్వం. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అది పౌరసత్వం కిందికి రాదు. కానీ మీరు ఉత్తరంలో ఒక మూల రాసిన మాట నన్ను ఆపింది: ‘నాన్న దగ్గర పాత ఇండియా పాస్‌పోర్టు ఇంకా ఉంది.’ ఆ పాస్‌పోర్టు కాన్సులేట్ టేబుల్ మీద పడితే, కేవలం ఇటలీ పౌరుడే అన్న మాటను అనుమానించడానికి వాళ్లకు అదే చాలు. దాన్ని లండన్‌లోని మన హైకమిషన్‌లో అప్పగించి, జరిమానా ఉంటే కట్టి, సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి.

ఇంకా పెద్ద గండం ఆయన బ్రిటిష్ దరఖాస్తు. పౌరసత్వం ‘ఉన్న’ అని ఇటలీ చట్టం వర్తమానంలో అంటోంది. రేపు ఆయన బ్రిటన్ రాజు పేరు మీద ప్రమాణం చేస్తే కేవలం ఇటలీ పౌరుడు అనే అర్హత పోవచ్చు. నా దగ్గరికి వచ్చి ఉంటే, మీ దరఖాస్తు పని పూర్తయ్యేదాకా ఆయన ఆ ఫారం ముట్టుకోవద్దని చెప్పమనేవాణ్ని. మీ కేసులో అసలు కాలపరిమితి అదే. మ్యూనిక్ వాళ్లిచ్చిన అక్టోబరు గడువు కాదు.

ఏజెంటు సంగతి. ప్రమాణం జులై తర్వాత అయి ఉంటే మీ పుట్టిన తేదీని నవంబరుకు జరుపుతాడు, అంతేగా? మీ పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, పాస్‌పోర్టు అన్నింట్లో జులై ఉంది. జనన రిజిస్టరును ఫోర్జరీ చేస్తే భారతీయ న్యాయ సంహిత 337వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. ఆ కాగితంతో పాస్‌పోర్టు ఆఫీసులో అడుగు పెడితే పాస్‌పోర్టుల చట్టం కింద ఇంకో కేసు. ఏజెంటు మాయమవుతాడు, సంతకం మాత్రం మీదే ఉంటుంది. వాడి నంబరు ఇవాళే బ్లాక్ చేయండి.

రెండు పౌరసత్వాలూ ఉంచుకోవచ్చా అంటే, ఇటలీ ఒప్పుకుంటుంది, మన దేశం ఒప్పుకోదు. ‘పుట్టుకతో వచ్చింది కదా, నేను కోరి తెచ్చుకున్నదా’ అని మీరు వాదించవచ్చు. ఆ వాదన ఇటలీ పాస్‌పోర్టు చేతికొచ్చేదాకే. వేరే దేశం పాస్‌పోర్టు తీసుకోవడమే ఆ పౌరసత్వం ఇష్టపూర్వకంగా తీసుకున్నట్టు తిరుగులేని రుజువని మన పౌరసత్వ నియమాలు అంటాయి. ఇలాంటి నియమాన్నే సుప్రీంకోర్టు 1962లో సమర్థించింది. ఆ తర్వాత మన పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని తిరిగితే మీరూ నాన్నగారి దారిలోనే ఉన్నట్టు. ఓసీఐ తీసుకోవచ్చు, కానీ ఓటుండదు, పొలం కొనలేరు. దెందులూరు దగ్గర తాతగారి ఎకరంన్నర వారసత్వంగా రావడానికి మాత్రం అడ్డు లేదు.

ఇప్పుడు చేయాల్సింది. జర్మనీకి ఉద్యోగ వీసా మీ ఇండియా పాస్‌పోర్టు మీదే వెంటనే అప్లై చేయండి. ఉద్యోగాన్ని ఈ పౌరసత్వానికి ముడి పెట్టకండి. పౌరసత్వ దరఖాస్తు మీరు నివసించే చోటి ఇటలీ కాన్సులేట్‌లోనే ఇవ్వాలి. ఇక్కడ ఇచ్చి మధ్యలో మకాం మారిస్తే అదొక తలనొప్పి, అందుకే మ్యూనిక్‌లో స్థిరపడ్డాక అక్కడే ఇవ్వండి. కాగితాలు మాత్రం విమానం ఎక్కకముందే ఇక్కడ సిద్ధం చేసుకోవాలి. మీ బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, డిక్రీలో పూర్తిగా ఉంది. ఏలూరు రిజిస్ట్రారుకు ఆధారాలు చూపించి దాన్ని దిద్దించుకోండి. అది చట్టబద్ధమైన సవరణ, ఏజెంటు చెప్పిన ‘సరిచేయడం’ లాంటిది కాదు. తర్వాత దానికీ, అమ్మానాన్నల పెళ్లి సర్టిఫికెట్‌కూ రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్, విదేశాంగ శాఖ అపోస్టిల్ (కాగితం అసలైనదేనని విదేశాల్లో చెల్లే ముద్ర) వేయించి, ఇటాలియన్‌లోకి అనువాదం చేయించండి.

కాన్సులేట్ ఫీజు 600 యూరోలు. కేసు నిలవకపోయినా తిరిగి రావు. కమూనే నుంచి ప్రమాణం నకలు వచ్చి, అందులో జులై 11కి ముందు తేదీ మీ కళ్లతో చూసేదాకా ఒక్క యూరో కూడా కట్టకండి.