మొదటి పేపర్ పంపకముందే ఆర్కిడ్ నంబర్ తీసుకోమనండి

ప్రొద్దుటూరు నుంచి ఒక తండ్రి రాశారు. వాళ్లమ్మాయి అనంతపురంలో బోటనీ పీహెచ్‌డీ రెండో ఏడు, వేరుశనగలో వచ్చే తిక్క తెగులు మీద పని చేస్తోంది, మొదటి పేపర్ పంపబోతే జర్నల్ వాళ్లు ఆర్కిడ్ ఐడీ (ORCID, పరిశోధకుల్ని గుర్తుపట్టడానికి ఇచ్చే నంబర్) అడిగారట. దానికి డబ్బు కట్టాలా, వచ్చే ఏడాది పెళ్లయ్యాక ఇంటిపేరు మారితే నంబర్ కూడా మారుతుందా అని ఆయన టెన్షన్.

ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు సార్. పెళ్లయినా, ఉద్యోగం మారినా నంబర్ మారదు, అది పెట్టిందే అందుకు. లాభాపేక్ష లేని సంస్థ ఇది. 2012 నుంచి పరిశోధకులకు 16 అంకెల నంబర్ ఇస్తోంది, నాలుగేసి అంకెల చొప్పున నాలుగు ముక్కలుగా ఉంటుంది. చివర అంకెకు బదులు ఎక్స్ అని వస్తే కంగారు పడొద్దు, మిగతా అంకెలు సరిగ్గా కొట్టామో లేదో పట్టుకోవడానికి లెక్కగట్టి పెట్టే గుర్తు అది.

అసలు మన పేర్లకే ఇది ఎక్కువ అవసరం అంటాను నేను. సర్టిఫికెట్‌లో 'వి. లక్ష్మీదేవి' అని ఉందనుకోండి. జర్నల్ ఫారంలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లుంటాయి, ఒకసారి పొడి అక్షరం చివరి పేరు గడిలోకి పోతుంది, ఇంకోసారి లక్ష్మి ఒక గడిలో, దేవి ఇంకో గడిలో పడతాయి, పైగా ఇంగ్లీషులో లక్ష్మి స్పెల్లింగ్ తలా ఒక రకంగా రాస్తారు. ఐదేళ్లు తిరిగేసరికి ఒకే పిల్ల రాసిన పేపర్లు ముగ్గురు రాసినట్టు కనిపిస్తాయి. స్కోపస్ లాంటి పరిశోధన పేపర్ల డేటాబేస్‌లో ఆథర్ ఐడీని సాఫ్ట్‌వేరే తయారు చేస్తుంది కాబట్టి ఒకే మనిషి అక్కడ ఇద్దరైపోవడం మామూలే. ఆర్కిడ్ అయితే అమ్మాయి చేతిలో ఉంటుంది. పాత పేరు, కొత్త పేరు, పొడి అక్షరాల పేరు అన్నీ అందులో చేర్చుకోవచ్చు, ఏది ఎవరికి కనపడాలో కూడా తనే పెట్టుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తున్నా. యూనివర్సిటీ మెయిల్ ఒక్కటే ఇచ్చి వదిలేయొద్దు, సొంత మెయిల్ కూడా పెట్టమనండి. నా దగ్గరికి వచ్చిన ఒకబ్బాయికి పీహెచ్‌డీ అవగానే కాలేజీ మెయిల్ ఆగిపోయింది, పాస్‌వర్డ్ గుర్తులేక రెండో నంబర్ తీసుకున్నాడు, పేపర్లు సగం అక్కడ, సగం ఇక్కడ. రెండు నంబర్లు పడినా కలిపేసుకునే దారి ఉంది, కానీ ఇంటర్వ్యూ ముందు ఆ తిప్పలెందుకు? నెట్ సెంటర్‌లో ఎవరికో ఇచ్చి చేయించొద్దు, ఫోన్‌లో ఐదు నిమిషాల పని.

నంబర్ వచ్చాక జర్నల్ ఫారంలో అంకెలు టైపు చేసి వదలకుండా, లాగిన్ అయ్యి లింక్ చేయమనండి. పేపర్ అచ్చయ్యాక జర్నల్ ఆ నంబర్‌ని డీఓఐతో (పేపర్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబర్) కలిపి, ఆ డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థకి పంపితే, అక్కణ్నుంచి ఒకసారి అనుమతి అడుగుతారు, సరే అంటే ఆ తర్వాత అలా వచ్చే పేపర్లు వాటంతటవే ఆమె ఖాతాలో చేరతాయి. యూజీసీ కింద ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్లు పరిశోధకుల వివరాలు పెట్టే విద్వాన్ సైట్‌లో ప్రొఫైల్ పెట్టేటప్పుడు కూడా ఇదే నంబర్ ఇవ్వమనండి.