కొత్త స్మోకర్‌ని ముందు ఖాళీగా కాల్చు

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు.

మాంసాన్ని పొగలో మెల్లగా వండే స్మోకర్ ఇంటికి వచ్చేసిందనీ, శనివారమే మాంసం పెట్టాలని అందరూ తొందరపెడుతున్నారనీ రాశావు. శనివారం పెట్టొచ్చు, కానీ గురువారం ఒక పూట దాన్ని ఖాళీగా కాల్చిన తరవాతే. కొత్త రేకు మీద ఫ్యాక్టరీలో పూసిన నూనె ఉంటుంది. కోతల్లో, వెల్డింగ్‌లో రాలిన ఇనప రజను మూలల్లో చేరి ఉంటుంది. బయటి పెయింట్ కూడా వేడి తగిలాకే పూర్తిగా గట్టిపడుతుంది. మొదటి మంటకి ఇవన్నీ కాలి కంపు కొడతాయి. ఆ టైముకి లోపల మాంసం ఉంటే ఆ కంపంతా దానికే పడుతుంది.

సీజనింగ్ (కొత్తదాన్ని ఇలా నూనె రాసి కాల్చి సిద్ధం చేయడం) అనగానే అందరూ ఏ నూనె రాయాలి అని మొదలుపెడతారు. నన్నడిగితే నూనె చివరి సంగతి తల్లీ. తుడవడం, కాల్చడం, అసలు పని ఈ రెండింట్లోనే ఉంది.

ముందు అట్టలు, థర్మాకోల్, స్టిక్కర్లు తీసెయ్. పళ్లేల మీద, కారిన కొవ్వు పట్టే డ్రిప్ ట్రే అడుగున ఒక్కోసారి పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. అది కంటికి ఆనదు, గోటితో అంచు గీరి చూడాలి. గ్రిల్ ఊచలూ పళ్లేలూ గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టు. స్మోకర్ లోపల మాత్రం నీళ్లు గుమ్మరించకు. సబ్బు నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ఒకసారి, మామూలు తడిగుడ్డతో ఒకసారి తుడిచి, చివర్లో పొడిగుడ్డ వెయ్యి. పాత తెల్ల బట్ట అయితే మేలు. వేలికి చుట్టుకుని వెల్డింగ్ అతుకుల వెంబడి, తలుపు కీళ్ల వెనక తిప్పి చూడు. మొదటిసారి నల్లటి జిడ్డు వస్తుంది, వెలుతురులో పెడితే అందులో సన్నగా మెరిసే రజను కూడా కనబడుతుంది. బట్ట తెల్లగా వచ్చేదాకా తుడువు. విసుగు పుడుతుంది, తెలుసు. కానీ ఇక్కడ వదిలేసిన జిడ్డు మీద నూనె రాస్తే ఆ జిడ్డు కూడా పొరలో కలిసిపోయి ఉండిపోతుంది.

తుడిచేటప్పుడే బోల్టులన్నీ బిగించి ఉన్నాయో లేదో చూసుకో.

ఇక నూనె. పొద్దుతిరుగుడు, కనోలా లాంటి వాసన లేని నూనె ఏదైనా సరే. వెన్న వద్దు, అందులోని పాల పదార్థం మాడిపోతుంది. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె కూడా వద్దు, శుద్ధి చేసిన నూనెలకన్నా తక్కువ వేడికే పొగలు కక్కుతుంది. గుడ్డకి కాస్త నూనె అద్దుకుని లోపలి గోడలకీ, మూతకీ, ఊచలకీ రాయి. రాసి ఊరుకోకు. వేరే పొడిగుడ్డ తీసుకుని, పొరపాటున నూనె పడింది, తుడిచెయ్యాలి అన్నట్టుగా మొత్తం తుడిచెయ్. అయినా కంటికి కనబడని పొర ఒకటి మిగులుతుంది, మనకి కావలసింది అదే. ఇనప పెనానికి పట్టించినట్టే ఇదీ. వేడికి నూనె ఆరి గట్టిపడి, ఇనుముకి తడి తగలకుండా అడ్డుగా నిలుస్తుంది. మందంగా రాస్తే పైపైన తోలు కట్టి లోపల జిగురుగా ఉండిపోతుంది, లేదా కారి అడుగున మడుగు కట్టి మంటకి అంటుకుంటుంది. వీడియోల్లో డబ్బా పట్టుకుని గోడలు తడిసేలా స్ప్రే కొడుతుంటారు, అది చూసి నేర్చుకోకు. ఆ స్ప్రే డబ్బాని మంట దగ్గరికి అసలే తేకు.

థర్మామీటర్ మొనకి, తలుపు చుట్టూ సందు మూసే గ్యాస్కెట్ పట్టీకి నూనె తగలనివ్వద్దు.

కాల్చడం ఆరుబయటే. గ్యారేజీ తలుపు తెరిచే ఉంది కదా, వరండాకి ఒకవైపు గోడ లేదు కదా అనుకోవద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తెలిసేలోపే మనిషిని పడేస్తుంది. గోడకి, ఎండుటాకులకి, తలమీది కొమ్మలకి దూరంగా చదునైన చోట పెట్టు. ఎంత దూరమో మాన్యువల్‌లో ఉంటుంది.

బొగ్గు అంటించడానికి పెట్రోలు, కిరసనాయిలు, లైటర్ ఫ్లూయిడ్ ఏదీ వద్దు. మనం ఇంత కష్టపడి ఒక వాసన వదిలించి ఇంకోటి తెచ్చిపెట్టుకున్నట్టు అవుతుంది. గొట్టంలా ఉండే చిమ్నీ స్టార్టర్‌లో బొగ్గు నింపి, కింద కాగితం ఉండ అంటిస్తే చాలు. పై బొగ్గు అంచుల్లో బూడిద తెల్లగా పట్టాక నిప్పుల పెట్టెలోకి ఒంపెయ్. నీళ్ల పళ్లెం ఉంటే ఖాళీగానే ఉంచు. ఆవిరి పుడితే నూనె పొర సరిగా పట్టదు.

మొదటి గంట 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచు. తరవాత మెల్లగా 150 దాటించి, మీ మాన్యువల్ ఒప్పుకునేంతలో 180 వరకు తీసుకెళ్లి రెండు గంటలు నిలబెట్టు. మొదట్లో పెయింట్, నూనె కలిసిన ఘాటైన వాసన వస్తుంది, కంగారుపడకు. ఆ వాసన పూర్తిగా పోయిన తరవాతే కట్టె ముక్కలు ఒకటో రెండో వెయ్యి. ఓక్, హికరీ, యాపిల్, చెర్రీ ఏదైనా పనికొస్తుంది, బాగా ఎండినదై ఉండాలి. పైన్ లాంటి జిగురు కట్టె, ప్లైవుడ్, పాత ఫర్నిచర్ ముక్కలు, బూజు పట్టినవి వద్దు.

ఈ గంటల్లో కుర్చీ వేసుకుని దాని దగ్గరే కూర్చో. మాంసం పాడవుతుందన్న భయం లేకుండా ఈ స్మోకర్ స్వభావం తెలుసుకునే అవకాశం మళ్లీ రాదు. పొగ గొట్టం మూత పూర్తిగా తెరిచే ఉంచి, వేడిని గాలి లోపలికి వెళ్లే వెంట్‌తోనే అదుపు చెయ్యి. కొద్దిగా మూసి పది, పదిహేను నిమిషాలు ఆగు. వేడి వెంటనే దిగలేదని మళ్లీ మూసేస్తే నిప్పు చచ్చిపోతుంది. పొగ రంగు కూడా గమనించు. కట్టె వేయగానే చిక్కటి తెల్ల పొగ వస్తుంది. మంట సరిగా అందుకున్నాక పల్చబడి, వెనక చెట్లు కనబడేంత సన్నటి నీలిరంగుకి తిరుగుతుంది. వండేటప్పుడు కావలసింది ఆ నీలి పొగే. తెల్ల పొగ ఆగకుండా వస్తోందంటే గాలి చాలడం లేదు, కట్టె పూర్తిగా మండటం లేదు. ఆ పొగే చల్లటి రేకు మీద తారులా పేరుకుని తరవాత మాంసాన్ని చేదు చేస్తుంది.

తలుపు అంచుల్లోంచి కాస్త పొగ కారితే పట్టించుకోకు, వాడే కొద్దీ మసి పట్టి సన్నటి సందులు వాటంతటవే పూడుకుంటాయి.

మూత మీది థర్మామీటర్‌ని గుడ్డిగా నమ్మకు. ఊడదీయగలిగితే దాని మొన మరిగే నీళ్లలో పెట్టి చూడు. సముద్రమట్టం దగ్గర 100 డిగ్రీలు చూపాలి, ఎత్తు 300 మీటర్లు పెరిగితే సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. అయినా అది చెప్పేది మూత దగ్గరి వేడి. మాంసం ఉండేది ఊచల మీద, అక్కడికి వేరే ప్రోబ్ (తీగ చివర సూదిలా ఉండే థర్మామీటర్) కొనుక్కో. నీది పక్కన నిప్పుల పెట్టె ఉన్న ఆఫ్‌సెట్ కాబట్టి ఆ పక్కన ఊచలు ఎక్కువ వేడెక్కుతాయి. కాల్చడం అయ్యేముందు ఊచల మీద బ్రెడ్ ముక్కలు వరసగా పరిచి కాసేపు చూస్తే ఎక్కడ ముందు మాడుతుందో తెలిసిపోతుంది. ఆ ముక్కలు మాత్రం తినకు, అవతల పారెయ్.

నిప్పుల పెట్టె బయట పెయింట్ పొక్కులు లేచి రాలితే ఫోన్ చేసి ఏడవకు, ఆ రకంలో అది మామూలే. గీకేసి, వేడి తట్టుకునే పెయింట్ వేయించుకోవచ్చు.

మీ స్నేహితురాలిది ఎలక్ట్రిక్ రకం అన్నావు. దానికి హీటింగ్ కాయిల్‌కి నూనె తగలకూడదు. సాధారణంగా 135 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఖాళీగా నడిపి, చివరి ముప్పావుగంటలో సన్నటి కట్టె పేళ్లు వేస్తారు. పెల్లెట్ రకంలో ముందు పెల్లెట్లు (రంపపు పొట్టు నొక్కి చేసిన గుళికలు) నిప్పు గిన్నె దాకా చేరాలి, అది మాన్యువల్ చూసే చెయ్యాలి. కమాడో అనే గుడ్డు ఆకారపు పింగాణీ పొయ్యికి లోపల నూనె అక్కరలేదు. గ్యాస్కెట్ జిగురు పట్టేదాకా మొదటి మంటలు తక్కువలో పెడితే చాలు.

అయిపోయాక వెంట్లన్నీ మూసి దాన్ని దానంతటే చల్లారనివ్వు. నీళ్లు చల్లితే రేకు వంకర్లు పోతుంది, పెయింట్ ఊడుతుంది. బూడిద మర్నాడు కూడా జాగ్రత్తగా కదుపు, అడుగున నిప్పు ఒక రోజు దాటినా బతికి ఉండొచ్చు. మూత ఉన్న ఇనప డబ్బాలోకే ఎత్తు. లోపల వదిలేస్తే మాత్రం బూడిద తేమ లాగి అడుగు తుప్పు పట్టిస్తుంది.

చల్లారాక లోపలి గోడ మీద వేలు రాయి. ముదురు గోధుమరంగులోనో నల్లగానో, పొడిగా, నున్నగా ఉంటే పని అయినట్టే. అతుక్కుంటే నూనె ఎక్కువైంది. ఇంకా రాయకుండా, ఖాళీగా ఇంకో గంట కాస్త ఎక్కువ వేడిలో కాలిస్తే గట్టిపడుతుంది.

శనివారం బ్రిస్కెట్ (గొడ్డు రొమ్ము భాగం మాంసం) పెడదామనుకుంటున్నావేమో, ఇప్పుడే వద్దు. అది గంటల తరబడి సహనం పరీక్షిస్తుంది, పైగా చుట్టూ ఆకలితో ఉన్న జనం. చికెన్ తొడలు పెట్టు. కొవ్వు ఉంటుంది కాబట్టి వేడి కాస్త అటూ ఇటూ అయినా ఎండిపోవు, ఆ కొవ్వు ఆవిరి కొత్త గోడలకీ మంచిదే. ఎముకకి తగలకుండా ముక్క మధ్యలో ప్రోబ్ గుచ్చితే కనీసం 74 డిగ్రీలు చూపాలి. తొడలైతే 80 దాటనిచ్చినా ఇంకా మెత్తబడతాయే తప్ప చెడవు.

తా.క.: కవర్ కూడా కొన్నానన్నావు. పూర్తిగా చల్లారి, ఆరిన తరవాతే తొడుగు. లోపల తడి మిగిలితే బూజు పడుతుంది.

నీ పెదనాన్న